ఇరవై రెండేళ్ల కెప్టెన్ వెనుక ఒక జిల్లా

భారత మహిళల హాకీ జట్టు పగ్గాలు 2024 మే నెలలో సలీమా టెటే చేతికి వచ్చాయి. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. గోల్‌కీపర్ సవితా పునియా వంటి అనుభవజ్ఞురాలి స్థానంలో ఇంత చిన్న వయసు అమ్మాయా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆమె నడిచి వచ్చిన దారి తెలిస్తే ఆ సందేహం నిలవదు.

ఝార్ఖండ్‌లో, ఒడిశా సరిహద్దును ఆనుకుని సిమ్‌డేగా ఉంది. గుమ్లా నుంచి విడిపోయి అది ప్రత్యేక జిల్లా అయింది 2001లో. అదే ఏడాది డిసెంబరు 27న ఆ జిల్లాలోని బడ్కీఛాపర్ గ్రామంలో సలీమా పుట్టింది. జిల్లా కొత్తదే కానీ అక్కడ హాకీ చాలా పాతది. ఆదివాసీ పల్లెల్లో పిల్లలు వెదురు కర్రలనే హాకీ స్టిక్కులుగా మలచుకుంటారు. ఊళ్ల మధ్య జరిగే 'ఖస్సీ' పోటీల్లో గెలిచిన జట్టుకు మేకపోతే బహుమానం. రాత్రికి దాన్ని ఊరంతా కలిసి వండుకుంటారు. ఆట అక్కడ పండుగలో భాగం. 1975 ప్రపంచకప్ గెలిచిన జట్టులోని మైకేల్ కిండో, 1980 మాస్కో స్వర్ణ విజేత సిల్వానస్ డుంగ్‌డుంగ్ ఈ ప్రాంతం వారే. సుమ్రాయ్ టెటే, అసుంతా లక్డా ఇక్కడి నుంచే వెళ్లి మహిళల జట్టుకు నాయకత్వం వహించారు. అంటే కెప్టెన్ కావాలని కలగనే అమ్మాయికి సొంత జిల్లాలోనే ఆదర్శాలు దొరికాయి.

లేనిదల్లా వసతులు. రాష్ట్ర ప్రభుత్వం సిమ్‌డేగాలో నడిపే ఆవాస శిక్షణ కేంద్రంలో చోటు దక్కాకే సలీమాకు క్రమం తప్పని సాధన మొదలైంది. ఇలాంటి కేంద్రం ఒక్కటి ఎంత మార్పు తేగలదో చెప్పడానికి ఆమె కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

2018 అక్టోబరులో బ్యూనస్ ఎయిర్స్ యూత్ ఒలింపిక్స్‌కు భారత బాలికల జట్టును తీసుకెళ్లినప్పుడు ఆమెకు 16 ఏళ్లు. ఫైనల్లో ఆతిథ్య అర్జెంటీనా 3-1తో గెలిచింది, మనకు రజతం వచ్చింది. టోక్యో ఒలింపిక్స్ నాటికి 19 ఏళ్లు. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన జట్టులో, కాంస్యం కోసం బ్రిటన్‌తో 0-2 నుంచి 3-2కు ఎగబాకి చివరికి 3-4తో ఓడిన జట్టులో ఆమె ఉంది. ఆ ఆటలు చూడటానికి ఊళ్లో ఆమె ఇంట టీవీ కూడా లేదు. పోటీలు జరుగుతుండగా అధికారులు తెచ్చి పెట్టారు. ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడుతున్న అమ్మాయి ఇంటి సంగతి అప్పుడు గానీ వారికి గుర్తు రాలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2022లో దక్షిణాఫ్రికాలో జూనియర్ ప్రపంచకప్‌కూ ఆమే కెప్టెన్. అక్కడా కాంస్యం చేజారింది, ఇంగ్లండ్ చేతిలో, షూటౌట్‌లో.

ఆ తర్వాతి మలుపు రాంచీలో వచ్చింది. అక్కడి హాకీ స్టేడియానికి జైపాల్ సింగ్ ముండా పేరు పెట్టారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆయనే, సిమ్‌డేగా పక్కనున్న ఖూంటీ ప్రాంతం ఆయనది. 2023 నవంబరులో అక్కడ జరిగిన ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో భారత్ 4-0తో జపాన్‌ను ఓడించింది. టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణిగా సలీమా నిలిచింది. రెండున్నర నెలలు గడిచాయి. అదే మైదానం, అదే జపాన్. ఈసారి ఒలింపిక్ అర్హత పోటీలో 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్ బెర్త్ పోగొట్టుకుంది భారత్.

అలా విరిగిన జట్టును నిలబెట్టే పని సలీమాకు అప్పగించారు. 2024 నవంబరులోనే బిహార్‌లోని రాజ్‌గిర్‌లో, దీపిక కొట్టిన ఏకైక గోల్‌తో చైనాను ఓడించి, ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీని ఆమె సారథ్యంలో భారత్ మళ్లీ గెలుచుకుంది.