"సార్ చెప్పారు, చేశాను": ఆఫీసు నైతికతపై అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్లుగా ఇంటర్నల్ ఆడిట్‌లో, అంటే కంపెనీ తరఫునే దాని లెక్కలను తనిఖీ చేసే పనిలో ఉన్నాను. అంతకుముందు నాలుగేళ్లు అకౌంట్స్. "కంపెనీల్లో దొంగల్ని పట్టుకుంటావటగా" అంటారు మా చుట్టాలు. దొంగలు తక్కువే. ఎక్కువగా కనిపించేది, సాయంత్రం బస్సు టైమవుతుండగా వోచరు చదవకుండా సంతకం పెట్టేసిన మామూలు మనుషులు.

అపోహ: మంచివాళ్లు దొంగలెక్కలు రాయరు

రాస్తారు. నేనూ రాశాను.

పైపులు తయారుచేసే ఒక కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా ఉన్న రోజులు. మార్చి 31 సాయంత్రం మా మేనేజర్ గారు 11 ఇన్‌వాయిస్‌ల లిస్టు నా టేబుల్ మీద పెట్టారు. "ఇవి ఇవాళ్టి తేదీతో సిస్టమ్‌లో కొట్టెయ్ నాయనా, సరుకు ఎలాగూ రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతుంది" అన్నారు. పార్టీలు, అంటే సరుకు కొనేవాళ్లు నిజం, ఆర్డర్లు నిజం, రేట్లు నిజం. తేదీ ఒక్కటే అబద్ధం, ఏప్రిల్ అమ్మకాలు మార్చితో ముగిసే ఏడాది లెక్కలో పడటానికి. కొట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం లాంటిదేమీ జరగలేదు. టార్గెట్ అందుకున్నందుకు ఆఫీసులో బిర్యానీ తెప్పిస్తే తిని ఇంటికెళ్లాను.

చిక్కు తర్వాతి మార్చిలో వచ్చింది. ఏప్రిల్ అమ్మకాలను ముందే వాడేసుకున్నాం కాబట్టి కొత్త ఏడాది ఆ మేరకు లోటుతోనే మొదలైంది. పైగా టార్గెట్ పెరిగింది. ఈసారి లిస్టులో 26 ఉన్నాయి. వాటిలో మూడు పార్టీలైతే ఇంకా ఆర్డరే ఇవ్వలేదు. "ఫోన్లో మాట్లాడాంలే" అన్నారు సార్. నేను 23 కొట్టి ఆ మూడూ పక్కన పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే అవీ కొట్టి ఉన్నాయి, పక్క సీటు కుర్రాడి లాగిన్‌తో.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ బోర్డుకు రాసిన లేఖ బయటికొచ్చినప్పుడు అందరూ 5,040 కోట్ల రూపాయల లేని నగదు గురించే మాట్లాడుకున్నారు. నా కళ్లు మాత్రం వేరే వాక్యం దగ్గర ఆగిపోయాయి. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడాయే ఉండేదనీ, అది ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందనీ ఆయన రాశారు. మా 11 ఇన్‌వాయిస్‌లే గుర్తొచ్చాయి.

అపోహ: పైవాళ్లు చెబితే చేశాను, బాధ్యత వాళ్లదే

సిస్టమ్‌లో ఉండేది లాగిన్ పేరు. నోటిమాటగా చెప్పిన సార్ పేరు అక్కడ ఉండదు. సత్యం కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందికి ఏడేళ్ల చొప్పున జైలుశిక్ష వేసింది. అప్పీలు, బెయిలు తర్వాతి సంగతి. ఆ పది మందిలో ఛైర్మన్ కుటుంబం, ఆడిటర్లతో పాటు ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఒక అసిస్టెంట్ మేనేజర్ కూడా ఉన్నారు. ఇంటర్నల్ ఆడిట్ హెడ్ కూడా ఉన్నారని వేరే చెప్పాలా? మా వృత్తివాళ్లం ఆ వార్త రెండుసార్లు చదువుకున్నాం.

జూనియర్లకు నేను చెప్పేది ఒకటే. గొడవ పడక్కర్లేదు, ఉపన్యాసం అసలే వద్దు. "సార్, ఒక్క మెయిల్ పెట్టండి, చేసేస్తాను" అనండి. చాలాసార్లు ఆ మెయిల్ రాదు, ఆ పనీ మళ్లీ అడగరు. అలాగని మెయిల్ వచ్చినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. కానీ ఆలోచించుకోవడానికి ఒక పూట దొరుకుతుంది. ఆ మొదటి మార్చి 31న నాకు లేనిది ఆ పూటే.

అపోహ: కంపెనీకి నష్టం లేకపోతే తప్పేముంది

ఒకచోట ఫర్నిచర్ కొనుగోలు ఫైలు చూస్తున్నాను. మూడు కొటేషన్లు, మూడు వేర్వేరు లెటర్‌హెడ్‌లు. మూడింటిలోనూ 'కొటేషన్' స్పెల్లింగ్ ఒకేలా తప్పు, ఒకే అక్షరం దగ్గర. కాస్త తవ్వితే ఆర్డరు దక్కించుకున్నాయన పర్చేజ్ ఆఫీసరు గారి బావమరిది అని తేలింది. "బజారులో కన్నా తక్కువకే ఇప్పించాను కదండీ" అని ఆఫీసరు గారు నిజంగానే బాధపడ్డారు. విచారిస్తే రేటు తక్కువేనని మాకూ తెలిసింది! "మా బావమరిది కూడా కొటేషన్ ఇస్తున్నాడు, ఈ ఫైలు ఇంకెవరైనా చూడండి" అని ముందే ఒక లైను రాసి ఉంటే అదే ఆర్డరు అదే మనిషికి దర్జాగా వచ్చేది. ఆ మిగతా రెండు కొటేషన్లు పుట్టించడంతో ఉద్యోగం మీదికొచ్చింది.

దీపావళి డ్రైఫ్రూట్స్ డబ్బాల గురించి కూడా అడుగుతుంటారు. డబ్బా అందరి ముందు విప్పి ఆఫీసులో పంచగలిగితే తీసుకోండి. కవరు గుట్టుగా డిక్కీలోకి చేరేదైతే వద్దు.

అపోహ: లంచం ఇచ్చేవాడు బాధితుడే

అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. ఏజెంటు చేత ఇప్పించినా కంపెనీ మెడకు చుట్టుకునే అవకాశం ఉంది. లెడ్జర్‌లో 'లైజనింగ్ ఛార్జీలు' (ఆఫీసుల్లో పనులు చేయించిన ఖర్చు) అనే హెడ్డు, కింద బిల్లు లేని తెల్లకాగితం వోచరు కనిపిస్తే నేను టీ పక్కన పెట్టేస్తాను.

అపోహ: ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోయినట్టే

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. 2014లో పార్లమెంటు ఆమోదించిన విజిల్ బ్లోయర్ల (తప్పును బయటపెట్టేవాళ్ల) రక్షణ చట్టం ప్రభుత్వోద్యోగుల అవినీతి మీద ఫిర్యాదులకే, ప్రైవేటు ఆఫీసులో జరిగేవి దాని కిందికి రావు. మనకున్నది 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్. షేర్ మార్కెట్లో ఉన్న (లిస్టెడ్) కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చినవి ఫిర్యాదులకు ఒక ఏర్పాటు పెట్టాలి. ఫిర్యాదు చేసినవాళ్లను వేధించకుండా చూడాలి, అవసరమైన కేసుల్లో నేరుగా బోర్డులోని ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే చెప్పుకునే వీలుండాలి. కాగితం మీద బాగానే ఉంది. వేధింపు మాత్రం అప్రైజల్ రేటింగ్ రూపంలోనో, ఊరికి దూరంగా ఉన్న బ్రాంచికి బదిలీ రూపంలోనో వస్తే నిరూపించడం కష్టం. అందుకే భయపడేవాళ్లను పిరికివాళ్లని నేను ఎప్పుడూ అనలేదు.

పేరు లేని ఉత్తరం చెత్తబుట్టకే పోతుందన్నది మాత్రం తప్పు. సత్యం విషయంలో 2008 డిసెంబరులోనే ఒక బోర్డు సభ్యుడికి మారుపేరుతో ఈమెయిల్ వెళ్లింది. కంపెనీకి వచ్చిన ఇలాంటి ఫిర్యాదులను పరిగణనలోకి తీసుకున్నారా లేదా అన్నది చట్టబద్ధ ఆడిటర్లు (కంపెనీ లెక్కలను ఏటా తనిఖీ చేసే బయటి ఆడిటర్లు) కూడా ఇప్పుడు తమ రిపోర్టులో చెప్పాలి.

పేరుందా లేదా అన్నదాని కన్నా ఏం రాశారన్నదే ముఖ్యం. "మా మేనేజర్ పెద్ద అవినీతిపరుడు, దేవుడే చూసుకుంటాడు" అని మూడు పేజీలు రాస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు. "ఫలానా నంబరు ఇన్‌వాయిస్ తేదీ మార్చి 31, గేటు రిజిస్టరులో లారీ బయటికెళ్లింది ఏప్రిల్ 4" అని ఒక్క లైను చాలు, ఆ మధ్యాహ్నమే పని మొదలవుతుంది.

ఆ లైను కూడా లేకపోయినా, ఏ ఫ్యాక్టరీకి ఆడిట్‌కు వెళ్లినా నేను ముందు తెప్పించుకునేది ఏప్రిల్ మొదటి వారం గేటు రిజిస్టరే. సెక్యూరిటీ వాళ్లకు అమ్మకాల టార్గెట్లు ఉండవు. లారీ ఎప్పుడు వెళ్లిందో అప్పుడే రాస్తారు, టైముతో సహా, నీలం ఇంకుతో.