చైనా పాత చరిత్రకారులు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మన స్కూలు పుస్తకాల్లో చైనా వాళ్లంటే ఫాహియాన్, హుయాన్‌త్సాంగ్. అందుకే నేను ప్రాచీన చైనా చరిత్ర గ్రంథాలు చదువుతాను, పాఠం చెప్తాను అనగానే "ఆ యాత్రికులు రాసినవేనా?" అంటారు. కాదండీ. వాళ్లు బౌద్ధ భిక్షువులు, ధర్మగ్రంథాల కోసం వచ్చి, దారిలో చూసింది రాశారు. నేను చదివేది వాళ్లకంటే వందల ఏళ్ల ముందు మొదలైన వేరే పరంపర.

అపోహ: ఆస్థానం ఉప్పు తిన్నవాళ్లు రాజును పొగడక ఇంకేం రాస్తారు?

అన్నిటికంటే నన్ను బాధపెట్టే మాట ఇదే. క్రీ.పూ. 548లో ఛీ రాజ్యంలో త్సుయ్ జూ అనే మంత్రి తన రాజునే చంపించాడు. ఆస్థాన లేఖకుడు "త్సుయ్ జూ తన ప్రభువును చంపాడు" అని రాశాడు, మూలంలో అయిదే అక్షరాలు. మంత్రి అతన్ని చంపేశాడు. తమ్ముడు వచ్చి మళ్లీ అదే రాశాడు, అతన్నీ చంపాడు, ఆ తర్వాతి తమ్ముడినీ చంపాడు. ఇంకో తమ్ముడు కూడా అదే వాక్యం రాసేసరికి ఇక వదిలేశాడు. ఈలోగా లేఖకులంతా చచ్చిపోయారని విని ఇంకొకాయన రాయడానికి వెదురు బద్దలు పట్టుకుని బయల్దేరాడట, దారిలో "రాసేశారు" అని తెలిసి వెనక్కి తిరిగాడు. ఆ అయిదు అక్షరాల్లో మూడోదాని దగ్గర నేను పిల్లల్ని కాసేపు ఆపుతాను. మామూలుగా చంపడానికి వేరే మాట ఉంది. ఇది 'షి', అంటే కింద ఉండాల్సినవాడు ప్రభువునో తండ్రినో చంపడం. ఆ ఒక్క మాటలోనే తీర్పు ఉంది, మంత్రికి మంట పుట్టించింది అదే.

ఇక సిమా చియెన్, హాన్ వంశపు ఆస్థాన లేఖకుడు, 'షీజీ' అనే పెద్ద చరిత్ర రాసినవాడు. క్రీ.పూ. 99లో శత్రువులకు లొంగిపోయిన లీ లింగ్ అనే సేనాని తరఫున ఒక మాట మాట్లాడినందుకు వూ చక్రవర్తికి కోపం వచ్చి, ఆయనకు మరణశిక్ష పడింది. డబ్బు కట్టి శిక్ష తప్పించుకునే స్తోమత ఆయనకు లేదు. అలాంటి చోట మర్యాదగల మనిషి ప్రాణం తీసుకుంటాడని ఆ కాలం లెక్క, కానీ పుస్తకం సగంలో ఉంది, చనిపోతూ తండ్రి చేయి పట్టుకుని ఏడ్చి అప్పగించిన పని అది, అందుకే నపుంసకుణ్ణి చేసే శిక్షకు ఒప్పుకుని బతికాడు. ఆ అవమానం గుర్తొచ్చినప్పుడల్లా వీపున చెమట పట్టి బట్టలు తడిసిపోతాయని ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు పాఠం చెప్పినా నా గొంతు పూడుకుపోతుంది.

అపోహ: రాజులు, తేదీల బోరింగ్ చిట్టా.

సిమా చియెన్ గ్రంథం 'షీజీ' 130 అధ్యాయాలు. రాజుల కథలు అందులో 12 మాత్రమే, వ్యక్తుల జీవితకథలు 70. వ్యాపారులు, హంతకులు, జోస్యులు అందరూ ఉన్నారు. కూలికి పొలం దున్ని తర్వాత తిరుగుబాటు చేసిన చెన్ షెను సామంత వంశాల వరసలో కూర్చోబెట్టాడు.

ఇంకో సంగతి, కొత్తగా చదివేవాళ్లు తప్పకుండా పట్టుకోవాల్సింది. హాన్ వంశ స్థాపకుడు ల్యూ బాంగ్ యుద్ధంలో ఓడి పారిపోతూ, బండి తేలికవ్వాలని కన్న కొడుకునీ కూతురినీ కిందకి తోసేశాడు, సారథి దిగి ఎక్కించాడు, ఇలా మూడుసార్లు జరిగింది. ల్యూ బాంగ్ సొంత అధ్యాయంలో వెతికితే ఇది దొరకదు. శత్రువైన షియాంగ్ యూ అధ్యాయంలో ఉంది! అందుకే ఒక్క అధ్యాయం చదివి "ఇది భజన" అని తేల్చేయకండి.

అపోహ: అంతా కట్టుకథ. లేదా, అక్షరం అక్షరం నిజం.

రెండూ కాదు. హాన్ కంటే చాలా ముందటి షాంగ్ వంశపు రాజుల వరస 'షీజీ'లో ఉంది, అది కల్పితమని చాలామంది అనుమానించారు. తర్వాత షాంగ్ రాజధాని ఉన్న అన్‌యాంగ్ దగ్గర దొరికిన తాబేటి చిప్పల, ఎముకల మీది రాతలతో పోలిస్తే, కొన్ని పొరపాట్లు పోగా, చాలావరకు సరిపోయింది. 1917లో వాంగ్ గువోవెయ్ అనే చైనా పండితుడు దాన్ని చూపించాడు. కానీ గుడారాల్లో ఇద్దరే ఉన్నప్పటి సంభాషణలు ఎవరు విని రాశారు? అవి సందర్భానికి తగ్గట్టు కూర్చినవే, అలాగే చదవాలి.

అపోహ: ఇందులో ఆడవాళ్లు లేరు.

హాన్ వంశ చరిత్ర 'హాన్‌షూ' మొదలుపెట్టింది బాన్ బియావ్, కొనసాగించింది కొడుకు బాన్ గూ. ఆయన 92లో జైల్లో చనిపోయేనాటికి పట్టికలు, ఖగోళ భాగం మిగిలిపోయాయి. చక్రవర్తి ఆజ్ఞతో ఆ పని అందుకున్నది చెల్లెలు బాన్ జావ్. పుస్తకం ఎంత కఠినమంటే చాలామందికి చదివినా బోధపడలేదు. తర్వాత మహా పండితుడిగా పేరుపొందిన మా రుంగ్ కూడా రాజ గ్రంథాలయంలో ఆమె దగ్గర కూర్చునే దాన్ని చదవడం నేర్చుకున్నాడు.