మైండ్ బ్లాంక్ అయితేనే ధ్యానమా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆలోచనలు ఆగితేనే ధ్యానం కుదిరినట్టు.

వాస్తవం: గుంటూరులో మా క్లాసుకు వచ్చే మిర్చి యార్డు వ్యాపారికీ, కోచింగ్ కుర్రాడికీ ఒకటే దిగులు: "మైండ్ బ్లాంక్ అవట్లేదండీ." అవనక్కర్లేదు. ఎరుక సాధన గురించి చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు గమనించమన్నవి నాలుగు: శరీరం, వేదన (సుఖమో దుఃఖమో ఏదీ కాదో అనిపించే అనుభూతి), చిత్తం (మనసు), ధర్మాలు (మనసుకు తోచే విషయాలు). చిత్తం విషయంలో ఆయన మాట చాలా సూటిగా ఉంటుంది. రాగం ఉంటే ఉందని, ద్వేషం ఉంటే ఉందని, మనసు చెదిరితే చెదిరిందని తెలుసుకోవాలి. కాబట్టి కూర్చున్నంతసేపూ రేటు పడిపోయిందన్న టెన్షనే తిరుగుతున్నా, అది తిరుగుతోందన్న ఎరుక ఉంటే సాధన సాగుతున్నట్టే. ఆ ఎరుక లేకుండా టెన్షన్ వెంటే యార్డు దాకా వెళ్లిపోతాం చూడండి, తప్పేది అక్కడ. వెళ్లామని తెలియగానే మళ్లీ ఊపిరి దగ్గరికి రావాలి. తిట్టుకోనక్కర్లేదు.

అపోహ: ఏ ఆలోచన వచ్చినా చూస్తూ ఊరుకోవాలి, మంచీ చెడూ ఎంచకూడదు.

వాస్తవం: ఇది సగమే నిజం. బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఎరుకను కోట కాపలావాడితో పోల్చారు. తెలిసినవాళ్లను లోపలికి పంపుతాడు, తెలియనివాళ్లను ఆపేస్తాడు. బుద్ధుడి అష్టాంగ మార్గంలోనూ సమ్యక్ స్మృతికి (సరైన ఎరుకకు) ముందు సమ్యక్ వ్యాయామం (సరైన ప్రయత్నం) ఉంది. చెడు తలపును వదిలించుకోవడం, మంచిదాన్ని పెంచుకోవడం దాని పనే.

అపోహ: శూన్యత అంటే మనసులో ఏమీ లేకపోవడం.

వాస్తవం: అమరావతి, నాగార్జునకొండ లాంటి బౌద్ధ క్షేత్రాలు ఇంత దగ్గర పెట్టుకుని మనవాళ్లే ఇలా అంటే నాకు కాస్త చిన్నతనంగా ఉంటుంది. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు చెప్పిన శూన్యత ఖాళీ బుర్ర గురించి కాదు. ఏ వస్తువుకూ సొంత స్వభావం లేదని, అన్నీ కారణాల మీద ఆధారపడి పుడతాయని ఆయన వాదం. అంతకన్నా నాకు ఇష్టమైనది, శ్రావస్తిలో భిక్షువులు ఉండే మిగారమాత ప్రాసాదంలో బుద్ధుడు తన శిష్యుడు ఆనందుడికి చెప్పిన మాట. ఈ ప్రాసాదంలో ఏనుగుల్లేవు, పశువుల్లేవు, గుర్రాల్లేవు, వెండి బంగారాలు లేవు. భిక్షుసంఘం మాత్రం ఉంది. లేనిదాన్ని లేదని, మిగిలినదాన్ని ఉందని ఉన్నదున్నట్టు చూడాలని దాని సారం.

అపోహ: ఏమీ లేదనిపించే స్థితే నిర్వాణం.

వాస్తవం: ఆ స్థితిని సిద్ధార్థుడు జ్ఞానోదయానికి ముందే, ఆళార కాలాముడనే ధ్యాన గురువు దగ్గర సాధించాడు. గురువు తనతో సమానంగా శిష్యులను నడిపించమన్నా, దుఃఖం తీరే దారి ఇది కాదని వదిలి వెళ్లిపోయాడు.

"కాసేపు ఏమీ తెలియలేదండీ, భలే ఉంది" అని ఎవరైనా సంబరంగా చెబితే, రాత్రి నిద్ర సరిగ్గా పట్టిందా అని నేను ముందు అడుగుతాను. చాలాసార్లు అది కునుకే.