పడిన వాన నిలవని నేల

అడవి నరికితే నేల ఎడారిగా ఎలా మారుతుందో తెలియాలంటే వానచినుకుతో మొదలుపెట్టాలి. పెద్ద వానచినుకు నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు 30 కిలోమీటర్లకు చేరుతుంది. అడవిలో ఆ దెబ్బ కాచుకునేవి కొమ్మలేనని అనుకుంటాం. నిజానికి ఎత్తైన చెట్ల ఆకుల కొసన నీళ్లు చేరి, ఇంకా లావు చినుకులై జారతాయి. నేలను అసలు కాపాడేది కింద పరుచుకున్న ఎండుటాకుల పొర.

చెట్లు కొట్టేస్తే ఆ పొర కొన్నేళ్లలోనే పోతుంది. చినుకు నేరుగా మట్టిని కొడుతుంది. బెడ్డలు చితికి, సన్నని రేణువులు నేలలోని సందులను పూడ్చేస్తాయి. ఎండ కాయగానే పైన గట్టి పెచ్చు కడుతుంది. తర్వాతి వాన ఇక ఇంకదు, మట్టిని కోసుకుంటూ పారిపోతుంది. ఒక్క సెంటీమీటరు పైమట్టి తయారవడానికి వందేళ్లు, చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే పడుతుంది. వాలు నేలల్లో అది పోవడానికి కొన్ని గట్టి వానలు చాలు. వానలు తగ్గకముందే ఎడారి మొదలయ్యేది ఇలాగే. గాలి మోసుకొచ్చిన సన్నని మట్టితో ఏర్పడిన చైనాలోని లోయస్ పీఠభూమిలో శతాబ్దాల తరబడి అడవీ గడ్డీ తీసేసి సాగు చేశారు. 20వ శతాబ్దం మధ్యనాటికి ఎక్కువగా అక్కడి మట్టితోనే పసుపు నది ఏటా సుమారు 160 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది.

వాన తగ్గడం తర్వాతి దశ. చెట్ల వేర్లు లోతు నుంచి తోడిన నీటిని ఆకులు ఆవిరిగా వదులుతాయి, అదే మళ్లీ మబ్బవుతుంది. అమెజాన్‌లో కురిసే వానలో పెద్ద వాటా ఇలా తిరిగొచ్చిన నీరేనని 1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనెయాస్ సలాతి పరిశోధనలు చూపించాయి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం సంగతి వేరు. అక్కడి కరువులకు ముఖ్య కారణం సముద్రాల ఉష్ణోగ్రతల్లో మార్పులు. పచ్చదనం పోవడం వాటిని ఇంకా ముదరబెట్టింది.

నరికిన ప్రతి అడవీ ఎడారి కాదు. వానలు పుష్కలంగా ఉన్నచోట పొదలైనా లేస్తాయి. అసలు ముప్పు వర్షాధారపు పొడి నేలలకే.

అక్కడ కూడా చాలా చెట్లకు, నరికినంత మాత్రాన వేరు చావదు, నాకు అన్నిటికన్నా ధైర్యాన్నిచ్చేది ఇదే. సాహెల్‌లోని నైజర్ దేశపు రైతులు 1980ల నుంచి పాత మోళ్ల చిగుళ్లలో బలమైనవి ఉంచి, మిగిలినవి కత్తిరిస్తూ, సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లను తిరిగి నిలబెట్టారు. నాటిన మొక్కలు ఎండిపోయిన చోటే ఈ పిలకలు బతికాయి. వేర్లు కూడా చచ్చి పెచ్చు కట్టిన నేలైతే పని చాలా కష్టం. పొరుగు దేశం బుర్కినా ఫాసోలో అలాంటిచోట ఎండాకాలంలోనే గుంతలు తవ్వి, పశువుల ఎరువు వేసి, తొలివాన నీటిని వాటిలో పట్టి, అక్కడే గింజలు వేస్తున్నారు.