ఎర్ర టోపీ నల్లగా ఎందుకు కనిపించింది?

చిరంజీవి లాస్యకు, చిరంజీవి ఆదిత్యకు తాతయ్య దీవెనలు.

ఏప్రిల్ 24న కాలిఫోర్నియాలో మీ గ్లెండేల్ బళ్ళకు సెలవిచ్చారని, ఆ రోజు మీ ఆర్మేనియన్ స్నేహితురాలు ఒక పాత మూగ సినిమా ముక్క చూపించిందని రాశారు. లాస్య ఒకటి అడిగింది: "అందులో ఆ అమ్మాయి నిజంగా ఏడుస్తోందా, నటిస్తోందా?" ఆదిత్య ఇంకొకటి అడిగాడు: "మిగతా సినిమా ఎక్కడికి పోయింది?" రెండూ మంచి ప్రశ్నలే. ముందు లాస్య ప్రశ్న తీసుకుంటాను.

ఆ అమ్మాయి పేరు అర్షలూయిస్. ఆర్మేనియన్ భాషలో ఆ మాటకు తెల్లవారే వెలుగు అని అర్థం. మనం ఉష అని పేరు పెట్టుకోమూ, అలాగ. అమెరికా వచ్చాక ఆ పేరును అరోరాగా మార్చారు. అరోరా అంటే రోమన్ల ఉషాదేవి, కాబట్టి అర్థం చెడలేదు. లోకానికి ఆమె అరోరా మార్డిగానియన్‌గా తెలుసు. 1901 జనవరి 12న అప్పటి ఒట్టోమన్ సామ్రాజ్యంలోని చెమిష్‌గెజెక్ అనే ఊళ్ళో, కలిగిన ఇంట్లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు తుర్కియేలో ఉంది.

1915లో ఆ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టి ఎడారుల వైపు నడిపించింది. దారిలో లక్షలమంది చనిపోయారు. ఏప్రిల్ 24 దానికే గుర్తు. ఆ రోజున రాజధానిలో ఆర్మేనియన్ రచయితలను, పెద్దలను మూకుమ్మడిగా అరెస్టు చేశారు. అర్షలూయిస్‌కు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఇంట్లోవాళ్ళను కళ్ళముందే పోగొట్టుకుంది. 1,400 మైళ్ళు, అంటే దాదాపు 2,300 కిలోమీటర్లు నడిచింది. మధ్యలో ఆమెను ఎత్తుకుపోయి అంగట్లో సరుకులా అమ్మారు. అక్కడ ఇంకా ఏం జరిగిందో మీరు పెద్దయ్యాక చదువుకుందురుగాని. తప్పించుకుని టిఫ్లిస్ చేరింది. ఇప్పుడు దాన్ని టిబిలిసి అంటారు, జార్జియా దేశపు రాజధాని. అక్కడినుంచి రష్యా రాజధానికి, ఆ తర్వాత నార్వే మీదుగా ఓడలో న్యూయార్కుకు వెళ్ళింది. 1917 నవంబరు 5న ఎల్లిస్ ద్వీపంలో దిగింది. అంతకుముందే అమెరికా వెళ్ళిన అన్నయ్య వాహన్‌ను వెతుక్కోవడం ఆమె పని. అందుకోసం పత్రికల్లో ప్రకటనలు వేశారు.

ఆ ప్రకటనల వల్లనే ఆమె సంగతి నలుగురికీ తెలిసింది. హార్వే గేట్స్ అనే సినిమా కథారచయిత, ఆయన భార్య ఆమెకు సంరక్షకులయ్యారు. ఆమె చెప్పినదాన్ని 1918లో పుస్తకంగా అచ్చువేశారు, వెంటనే సినిమా కూడా మొదలుపెట్టారు. నిర్మాత విలియం సెలిగ్, దర్శకుడు ఆస్కర్ యాప్ఫెల్. మీకు దగ్గరే, శాంటా మోనికా సముద్రపు ఒడ్డునా, బాల్డీ కొండ చుట్టుపక్కలా తీశారు. ఆమె పాత్రను వేయించింది ఆమెచేతనే. కూలి వారానికి 15 డాలర్లు. ఇంగ్లీషు సరిగా రాని పదిహేడేళ్ళ పిల్లకు ఆ ఒప్పందంలో ఏముందో ఎలా తెలుస్తుంది?

మొదటిరోజు సెట్లోకి అడుగుపెట్టగానే కుచ్చులున్న ఎర్ర టోపీలు పెట్టుకున్న మనుషులు ఎదురయ్యారు. ఆమె హడలిపోయింది. వాళ్ళు ఒట్టోమన్ సైనికుల వేషాలేసుకున్న నటులని ఆమెకు ఎవరూ ముందుగా చెప్పలేదు. మళ్ళీ ఆ సైనికులకే తనను అప్పగిస్తున్నారనుకుంది. లాస్యా, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకే దృశ్యంలో పడి చీలమండ విరిగింది. అయినా షూటింగ్ ఆపలేదు. ఆమెను మోసుకెళ్ళి మరీ తీశారు.

1919 ఫిబ్రవరిలో న్యూయార్కులో పెద్దింటివాళ్ళ కోసం సినిమా వేశారు. టికెట్టు పది డాలర్లు. తర్వాత ఊరూరా ఆడింది. దాని పేరు 'ఆక్షన్ ఆఫ్ సోల్స్', అంటే ఆత్మల వేలం. బొమ్మ మొదలయ్యేముందు అరోరా రంగస్థలం ఎక్కి కనిపించాలి, మాట్లాడాలి. వచ్చిన డబ్బు అనాథ పిల్లలకు వెళ్ళేది. ఆ పని నడిపిన నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సంస్థ 1915 నుంచి 1930 దాకా 11 కోట్ల 60 లక్షల డాలర్లు పోగుచేసింది, 1,32,000 మంది అనాథలను ఆదుకుంది. చిన్న పని కాదది, నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ పిల్ల రోజూ అదే గాయాన్ని మళ్ళీ విప్పి చూపించాల్సి వచ్చింది. 1920లో బఫలో నగరంలో ఇక నిలబడలేకపోయింది. అప్పుడు ఆమెలా కనిపించే ఏడుగురు అమ్మాయిలను కుదుర్చుకుని ఆమె పేరుతో ఊళ్ళకు పంపారు. పిల్లలూ, కష్టంలోంచి వచ్చినవాళ్ళు మీ తరగతిలో ఎవరైనా ఉంటే "ఏం జరిగింది, చెప్పు" అని వెంటపడకండి. పక్కన కూర్చోండి, మంచినీళ్ళివ్వండి. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు.

ఆమె 1929లో పెళ్ళి చేసుకుంది, ఒక కొడుకు పుట్టాడు. సినిమాల్లో మళ్ళీ నటించలేదు. 1994 ఫిబ్రవరి 6న లాస్ ఏంజెలెస్‌లో, 93 ఏళ్ళకు కన్నుమూసింది.

ఇక ఆదిత్య ప్రశ్న. ఇక్కడ అమ్మమ్మ ఆవకాయ జాడీలు ఎండబెడుతోంది, కాబట్టి ఆవకాయతోనే చెబుతాను.

ముక్కకు తడి ఉండకూడదని అమ్మమ్మ ఒక్కో కాయనూ పొడిగుడ్డతో ఎందుకు తుడుస్తుంది? ఒక్క చుక్క నీళ్ళు చాలు, జాడీ అంతా బూజు పడుతుంది. ఆ కాలపు ఫిల్ముదీ అదే గుణం. దూదిని ఆమ్లాల్లో నానబెట్టి చేసిన సెల్యులోజ్ నైట్రేట్ రిబ్బను అది, వెడల్పు 35 మిల్లీమీటర్లు. దానిమీద జిలటిన్ పూత. ఆ పూతలో ఆవపిండిలా చల్లిన సన్నని వెండి రేణువులే బొమ్మ. ఒక్కో అడుగుకు 16 బొమ్మలు. కెమెరామెన్ పిడిని సెకనుకు రెండుసార్లు తిప్పితే 16 బొమ్మలు పడేవి. రీలు వెయ్యి అడుగులు, అంటే 16,000 బొమ్మలు, ఆ వేగంతో వేస్తే పదహారు నిమిషాల పైన ఆట. మాటలు వినపడవు కనుక మధ్యమధ్య అక్షరాల అట్ట చూపేవారు. చదువు నెమ్మదిగా వచ్చినవాళ్ళు కూడా చదువుకునేంతసేపు ఉంచేవారు.

తడి, వేడి తగిలితే ఫిల్ము ఇలా చెడుతుంది. మొదట బొమ్మ వెలిసి పసుపుపచ్చగా మారుతుంది. తర్వాత పూత జిగురై చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆపైన బుడగలు లేచి ఘాటువాసన కొడుతుంది. తర్వాత రీలంతా ఒకే ముద్ద. ఆఖరికి గోధుమరంగు పొడి, అంతే. మొదటి రెండు దశల్లో పట్టుకుంటే ఇంకో ఫిల్ము మీదికి ఎక్కించి బతికించవచ్చు. ఒక రీలు చెడితే పక్క రీళ్ళకూ అంటుతుంది, బూజుపట్టిన జాడీలో గరిటె మంచి జాడీలో పెట్టినట్టు. ఆవకాయ పోలిక ఇక్కడిదాకే. అమ్మమ్మ జాడీకి గుడ్డ కట్టి వాసెన బిగిస్తుంది. ఫిల్ము డబ్బాను అలా బిగిస్తే లోపల పుట్టిన ఆవిరి బయటికి పోలేక ఫిల్మునే తినేస్తుంది. దాన్ని గాలాడే డబ్బాలో, నీళ్ళు గడ్డకట్టడానికి కాస్త పైనుండే చలిలో, పొడిగా ఉంచాలి.

నిప్పంటుకుంటే ఇంకా ఘోరం. మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంది కనుక నీళ్ళలో ముంచినా ఆరదు. 1937లో న్యూజెర్సీలో ఒక్క గోదాం కాలిపోయి ఫాక్స్ కంపెనీ పాత సినిమాలు చాలావరకు బూడిదయ్యాయి. ఇంకొన్నిటిని ఆట అయిపోయాక వెండి తీయడానికి కరిగించారు. మూగచిత్రాన్ని మళ్ళీ ఎవరు చూస్తారు, వెండైనా మిగులుతుంది అనుకున్నారు. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో తీసిన దాదాపు 11,000 పెద్ద మూగచిత్రాల్లో మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే. మనవాళ్ళదీ అదే కథ. రఘుపతి వెంకయ్యగారు, ఆయన కొడుకు ప్రకాష్ 1921లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'లో ఒక్క అడుగు కూడా ఇవాళ చూడటానికి లేదు.

అరోరా సినిమాలో ఇరవై నిమిషాలకు లోపు మిగిలింది. అర్జెంటీనాలోని ఆర్మేనియన్ ఒకాయన 1990లలో వెతికి దాన్ని బయటికి తెచ్చాడు. మీరు చూసింది ఆ ముక్కనే.

అందులో ఒకటి గమనించారా? ఆమెను హడలగొట్టిన ఎర్ర టోపీలు తెరమీద నల్లగా ఉంటాయి. అప్పటి ఫిల్ముకు నీలం, ఆకుపచ్చ వెలుగే కనిపించేది, ఎరుపు కనిపించేది కాదు. ఎరుపు పడినచోట చీకటే. నీలాకాశం మాత్రం తెల్లగా పడేది. ఆమె చూసిన రంగు ప్రేక్షకులెవరూ చూడలేదన్నమాట.

దీన్ని ఇంట్లోనే చేసి చూడవచ్చు. బహుమతులకు చుట్టే ముదురు నీలం పారదర్శక కాగితం నాలుగు పొరలుగా మడవండి. దేవుడి దగ్గరున్న కుంకుమ భరిణె తెచ్చి తెల్ల పళ్ళెంలో చిటికెడు వేయండి. కిటికీ వెలుగులో, ఒక కన్ను మూసుకుని, ఆ కాగితంలోంచి చూడండి. తర్వాత ఆ సినిమా ముక్క మళ్ళీ పెట్టి, ఈసారి టోపీల వైపు కాక ఆమె ముఖం వైపు చూడండి. మీకు ఏం కనిపించిందో ఎవరికివారు వేరుగా రాయండి, ఒకరిది ఒకరు చూసి రాయకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య