కారు ఐడిల్ ఊగుతోందా? ప్లగ్గుల మీద పడేముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

ఐడిల్ అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం. ఇది పెట్రోల్ ఇంజెక్షన్ బండ్ల సంగతి. డీజిల్ లెక్కలు వేరు. వేడెక్కిన నాలుగు సిలిండర్ల ఇంజిన్ మామూలుగా 700 - 850 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య నిలబడాలి. మూడు సిలిండర్లదైతే కాస్త ఎక్కువ ఉండొచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే 1200 పైన తిరిగి మెల్లగా దిగితే అది జబ్బు కాదు.

అపోహ: "ప్లగ్గులు మార్చెయ్యన్నా, సరిపోద్ది."

వాస్తవం: ముందు ఆర్‌పీఎం మీటరు ముల్లు చూడండి. అది 700 నుంచి 1200 దాకా ఒకే వరసలో ఎక్కుతూ దిగుతూ ఉంటే ప్లగ్గులు దాదాపు బాగున్నట్టే, గాలి లెక్క తప్పింది. ముల్లు పెద్దగా కదలకుండా బండి మాత్రం దడదడలాడుతూ, సైలెన్సర్ గాలి మధ్యమధ్యలో తడబడుతుంటే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్ సరిగా మండటం లేదు. ఇంజిన్ కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0302 వస్తే రెండో సిలిండర్ అని అర్థం. దాని కాయిల్ (ప్లగ్గుకు కరెంటిచ్చేది) తీసి మూడోదానికి వెయ్యండి. కోడ్ పీ0303కి మారితే కాయిలే దొంగ. మారకపోతే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది), చివరికి కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి). పైసా ఖర్చు లేని ఈ పరీక్ష వదిలేసి నాలుగు కాయిల్సూ కొనిపించడం అన్యాయం.

అపోహ: "గాలి లీకైతే బుస్సుమని వినపడుద్ది గదా."

వాస్తవం: చాలాసార్లు వినపడదు. పైగా బండిని బట్టి లక్షణం మారిపోతుంది. లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో, లీకులోంచి దూరే దొంగగాలి లెక్కలోకి రాదు కాబట్టి మిశ్రమం పలచబడి ఐడిల్ తడబడుతుంది. ఫ్యూయెల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని పెంచే, తగ్గించే సవరణ) ఐడిల్‌లో ప్లస్ 20 శాతం దాకా పోయి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకొస్తే లీకేనని గట్టిగా అనుమానించొచ్చు. ఇంజిన్‌లోకి పోయే గాలి దారిలో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ బండిలో అదే లీకు ఐడిల్‌ని పెంచుతుంది, కోడ్ మాత్రం రాకపోవచ్చు. "కోడ్ లేదు, లీకు లేదు" అనే మాట అక్కడ చెల్లదు.

మ్యాప్ సెన్సర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. నెల్లూరు, ఒంగోలు సముద్ర మట్టానికి దగ్గర గనక ఇంజిన్ ఆపి కీ మాత్రం ఆన్ చేస్తే 100 కిలోపాస్కల్ దగ్గర చూపాలి. వేడి ఇంజిన్ ఐడిల్‌లో, ఏసీ లేకుండా, 30 - 40 మధ్య ఉంటే మంచిది.

లీకు వెతకడానికి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా రబ్బరు హోసుల్ని ఒక్కొక్కటే నొక్కి పట్టండి: పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిర్లు లాగేది), పర్జ్ వాల్వ్ (ట్యాంకు పెట్రోల్ ఆవిర్లు లాగేది), బ్రేక్ బూస్టర్ (బ్రేక్ పెడల్‌కు బలమిచ్చేది). దేన్ని నొక్కితే ఐడిల్ సర్దుకుంటుందో తప్పు ఆ దారిలో ఉంది. బ్రేక్ తొక్కినప్పుడే ఐడిల్ మారి, పెడల్ దగ్గర బుస్సుమంటే బూస్టర్ డయాఫ్రమ్ చిరిగిందేమో చూడాలి. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి వెతికే అలవాటు మానండి, ఎగ్జాస్ట్ మీద పడితే మంటే. వడ్ల బస్తాల పక్కన షెడ్డులో పెట్టే బండ్లకు ఎలుకలు కొరికిన హోసులు, వైర్లు మొదట చూడాలి.

అపోహ: "త్రాటిల్ బాడీ కడిగితే కొత్త బండే."

వాస్తవం: త్రాటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని రెక్కతో అదుపు చేసే భాగం. ఆ రెక్క అంచున నల్లటి మసి పేరుకుంటే కడగాల్సిందే. ముందు ఇగ్నిషన్ ఆపండి. కరెంటుతో నడిచే త్రాటిల్ రెక్కను వేలితో నెట్టొద్దు, లోపలి గేరు పళ్లు పాడవుతాయి. క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి తుడవండి, మోటారు వైపు కారనివ్వొద్దు. మసితో ఇరుకైన దారికి తగ్గట్టు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రెక్కను కొంచెం ఎక్కువ తెరవడం నేర్చుకుని ఉంటుంది. కడిగాక అంతే తెరిస్తే ఐడిల్ 1100, 1200కి ఎక్కుతుంది. స్కానర్‌తో ఐడిల్ లెర్నింగ్ చేయించాలి, అంటే ఈసీయూకి మళ్లీ నేర్పించాలి. పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది.

అపోహ: "స్టాపర్ స్క్రూ కొంచెం తిప్పితే సరి."

వాస్తవం: త్రాటిల్ రెక్క ఎక్కడ ఆగాలో పెట్టే ఆ స్క్రూ తిప్పడం కార్బురేటర్ కాలం పని. ఇప్పుడు ఆ స్క్రూ తిప్పితే రెక్క ఎంత తెరుచుకుందో చెప్పే పొజిషన్ సెన్సర్ లెక్క మొత్తం చెడిపోతుంది.

అపోహ: "చెక్ ఇంజిన్ లైటు రాలేదు, ఏం లేదులే."

వాస్తవం: ఐడిల్ కోడ్‌లు పీ0506 (తక్కువైతే), పీ0507 (ఎక్కువైతే). సాధారణంగా ఉండాల్సిన ఐడిల్ కంటే 100 ఆర్‌పీఎం తక్కువో, 200 ఎక్కువో కొంతసేపు నిలిస్తే తప్ప అవి పడవు. 60, 70 ఊగుడుకు లైటు రాదు. స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు (లైటు వెలిగేదాకా రానివి), లైవ్ డేటా (అప్పటికప్పుడు సెన్సర్లు చూపే అంకెలు) చూడాలి.

అపోహ: "ఏసీ వేస్తే ఆర్‌పీఎం పడుతోంది, ఇంజిన్ పోయింది."

వాస్తవం: కంప్రెసర్ పట్టగానే ఒక్క క్షణం పడి లేవడం సహజం. రోహిణీ కార్తె ఎండలో, ఆగిన ట్రాఫిక్‌లో మాత్రమే ఆఫ్ అయ్యేంత పడితే ముందు కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ తిరుగుతోందా, కండెన్సర్ రెక్కల్లో పురుగులూ దుమ్మూ ఇరుక్కున్నాయా చూడండి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లలో ఇది మామూలు. అక్కడ అందరూ ముందు ఎయిర్ ఫిల్టర్‌ని తిడతారు గానీ, ఐడిల్‌లో ఇంజిన్‌కు కావలసిన గాలే తక్కువ, ఫిల్టర్ బాగా మూసుకుపోతే తప్ప తేడా తెలీదు.

అపోహ: "బ్యాటరీ టెర్మినల్ పీకి పెడితే రీసెట్ అయిపోద్ది."

వాస్తవం: రీసెట్ అవుతుంది, తప్పు మాత్రం ఉంటుంది. కోడ్‌లు పోయి వెతికే దారీ పోతుంది. నేర్చుకున్నదంతా చెరిగి కొన్ని బండ్లలో ఐడిల్ ఇంకా చెడుతుంది. కావలి, అల్లూరు, కోట వైపు రొయ్యల చెరువుల మీద తిరిగే బండ్లకు అంతకంటే ఎర్త్ స్ట్రాప్ (ఇంజిన్‌ని బ్యాటరీ మైనస్ వైపు కలిపే తీగ) చూడటం మేలు. ఉప్పుగాలికి బోల్టు కింద తుప్పు పడుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో హెడ్‌లైట్లు, ఏసీ వేసి మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజిన్ లోహానికి పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఇంజిన్ ఆపి, స్ట్రాప్ విప్పి, రెండు చివర్లూ ఎమరీ పేపరుతో రుద్ది బిగించి మళ్లీ కొలవండి.