సూపర్బ్ కొనాలా, 320డి కొనాలా? పాత డీజిల్ సెడాన్లపై అపోహలు - వాస్తవాలు

ఒకప్పుడు ఇరవై, ముప్పై లక్షలు పలికిన డీజిల్ సెడాన్లు ఇప్పుడు కొత్త చిన్న కారు ధరకే దొరుకుతున్నాయి. హైదరాబాదులో నా దగ్గరికి తనిఖీకి వచ్చేవాళ్లలో చాలామంది రెండు బండ్ల మధ్య ఊగిసలాడుతుంటారు. ఒకటి స్కోడా సూపర్బ్ 2.0 టీడీఐ, రెండోది బీఎండబ్ల్యూ 320డి. రెండూ 2010-13 ప్రాంతానివి. బండ్లతో నాకు పేచీ లేదు. వాటి గురించి తిరిగే మాటలతోనే తంటా.

అపోహ: మీటరు తక్కువ చూపిస్తే బండి మంచిది.

వాస్తవం: పన్నెండేళ్ల డీజిల్ కారు అరవై వేల కిలోమీటర్లే తిరిగిందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఆ మాట నిజమే అనుకున్నా, తీసిన ప్రతిసారీ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయిన డీజిల్ ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ గొట్టాల్లో మసి పేరుకుంటుంది. విజయవాడ హైవే మీద లక్షన్నర కిలోమీటర్లు నడిచి, వేళకు ఆయిల్ మార్పించుకున్న బండినే నేను ఇష్టపడతాను.

ఇక మీటరు వెనక్కి తిప్పడం సంగతి. ఈ రెండు కార్లలోనూ లోపలి కంప్యూటరులో ఏదైనా లోపం నమోదైనప్పుడు, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు కూడా దాని పక్కనే నమోదవుతాయి. మీటరు తిప్పినవాళ్లు తరచూ దీన్ని మర్చిపోతారు. మీటరులో 92 వేలు ఉంటుంది, ఆ కంప్యూటరును చదివే స్కానరులో పాత గ్లో ప్లగ్ (చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడానికి వేడినిచ్చేది) లోపం పక్కన 1,43,000 ఉంటుంది. ఆ తెర చూపించగానే అమ్మేవాళ్లకు అర్జెంటుగా ఎవరో ఫోను చేస్తారు! ఇంత పాత బండిలో ఒక్క లోపం కూడా నమోదై లేదంటే, మీరు వచ్చే ముందే ఎవరో తుడిచేశారనుకోవాలి.

అపోహ: డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉంటే ఆ బండి జోలికే పోకూడదు.

వాస్తవం: ఆ చెడ్డపేరు ఎక్కువగా ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం తెచ్చింది. అది పెట్రోల్ 1.8 సూపర్బ్‌లో ఉంది. డీజిల్ సూపర్బ్‌లో ఉన్నది ఆరు గేర్లది, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే రకం. చాలా గట్టిది. కాకపోతే 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చి తీరాలి. ఆ బిల్లులు అడగండి. తర్వాత ట్రాఫిక్‌లో మెల్లగా నడిపి, రెండో గేరు నుంచి ఒకటికి దిగేటప్పుడు కుదుపు ఉందేమో చూడండి. ఇంజిన్ ఆపే క్షణంలో కింద నుంచి గలగలమంటే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే ఫ్లైవీల్ అరిగిందేమో చూపించాలి.

అపోహ: బీఎండబ్ల్యూలో ఇంజిన్ వాల్వులను వేళకు నడిపే టైమింగ్ చైను ఉంది కాబట్టి ఖర్చు లేదు, అదే పనిచేసే స్కోడా బెల్టుతోనే ఇబ్బంది.

వాస్తవం: బేరం దగ్గర నన్ను ఎక్కువగా విసిగించే మాట ఇదే. సూపర్బ్‌లో బెల్టు మార్పు ముందే తెలిసిన ఖర్చు. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్లు, వాటర్ పంపు కలిపి ఒకేసారి మారుస్తాం. పంపును తిప్పేదీ ఆ బెల్టే కాబట్టి దాన్ని వదిలేయడం తెలివితక్కువ పని. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి ఈ బిల్లు చూపించలేకపోతే ఆ ఖర్చంతా ధరలోంచి తగ్గించమనండి.

320డిలో ఆ కాలం నాటి ఎన్47 ఇంజిన్‌కు చైను వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. 2011కు ముందు తయారైనవాటిలో చైను, దాన్ని దారిలో ఉంచే గైడ్లు అరిగిన ఫిర్యాదులు ఎక్కువ. మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి, కొన్నిసార్లు ఇంజినే బయటికి తీయాలి. సామాను కంటే కూలి బరువవుతుంది. చైను తెగినా, బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పోతుంది.

అందుకే రాత్రంతా ఆగి ఉన్న బండిని చూడాలి. ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వెళ్లిపోండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి ఇంజిన్ వెనకవైపు, డ్యాష్‌బోర్డు దగ్గర చెవిపెట్టండి. 1,500-2,000 ఆర్పీఎం మధ్య రేకు మీద గొలుసు ఈడ్చినట్టు గరగర వినిపిస్తే ఇక బేరం అక్కర్లేదు.

అపోహ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం వస్తుంది.

వాస్తవం: 2012 తర్వాతి 320డిలో ఉన్న ఎనిమిది గేర్ల పెట్టె తయారుచేసింది జడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ. ఆ కంపెనీయే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. దాని ఫిల్టర్ అడుగున ఆయిల్ నిలిచే ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి.

అపోహ: ఢిల్లీ బండి చౌక, కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు.

వాస్తవం: పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్కడి ధరలు పడిపోవడానికి కారణం ఇదే. ఇక్కడికి తెచ్చాక ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), లైఫ్ టాక్స్, పేరు మార్పిడి ఖర్చులు కలిపితే మిగిలేది కొంచెమే. ఇంకో లెక్క కూడా ఉంది. సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లకే ఇస్తారు. 2012 బండికి 2027లో ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ పొడిగించుకోవాలి. అది కూడా ధరలో కనిపించాలి.

అపోహ: టైర్లలో గాడి లోతుగా ఉంటే చాలు.

వాస్తవం: టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత ఉన్నా ఆ టైరు ముసలిదే. 320డికి ఉండే, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగూ మార్చాలంటే చిన్న ఖర్చు కాదు.

అపోహ: ధర ఒకటే అయితే బీఎండబ్ల్యూనే లాభం.

వాస్తవం: వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చునే ఇల్లయితే సూపర్బ్ ముందు 320డి నిలవదు. తానే నడిపి ఆనందించేవాళ్లకు 320డి ముందు సూపర్బ్ చప్పగా ఉంటుంది. ఈ ఇష్టాయిష్టాల్లో నేను తలదూర్చను. కానీ కొన్న ధరలో కనీసం నాలుగో వంతు మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా పెట్టుకోలేనివాళ్లు రెండింటినీ వదిలేయాలి. పెట్టుకోగలిగితే సర్వీసు బిల్లులన్నీ ఉన్న బండిని తీసుకోండి. రెండింటికీ బిల్లులు లేకపోతే టోకెన్ అడ్వాన్సు ఇవ్వకుండా మూడో బండి చూడండి.